తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ఎమ్మెల్యే దగ్గరికి: జగ్గయ్యపేట, నందిగామ కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

జగ్గయ్యపేట నుంచి విజయవాడకు దాదాపు 75 కిలోమీటర్లు. నందిగామ నుంచి 50 కిలోమీటర్ల లోపే. పగటిపూట కారులో వెళ్ళేవారికి ఇది పెద్ద దూరమేమీ కాదు. అర్ధరాత్రి నొప్పులు మొదలై, "ఇక్కడ కాదు, విజయవాడ తీసుకెళ్ళండి" అన్న మాట విన్న కుటుంబానికి మాత్రం ఆ దూరం ప్రాణానికీ ప్రాణానికీ మధ్య దూరం.

ఈ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, నందిగామ కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. జగ్గయ్యపేట నియోజకవర్గంలో జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాలు ఉన్నాయి. నందిగామ నియోజకవర్గంలో నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు మండలాలు ఉన్నాయి. 2024 ఎన్నికల్లో జగ్గయ్యపేట నుంచి శ్రీరాం రాజగోపాల్, నందిగామ నుంచి తంగిరాల సౌమ్య గెలిచారు.

ఆసుపత్రిలో మత్తు డాక్టర్ లేకపోతే, రక్తం దొరక్కపోతే, అంగన్‌వాడీలో గుడ్లు రాకపోతే చాలా కుటుంబాలు దాన్ని తమ నసీబు అనుకుని ఊరుకుంటాయి. కానీ ఇవన్నీ ఎవరో ఒకరు సంతకం పెడితే మారే విషయాలు. రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అంటే ఈ విషయంలో జవాబు చెప్పాల్సిన మొదటి చట్టసభ ఢిల్లీలో లేదు, మన రాష్ట్రంలోనే ఉంది.

ప్రాణం ఎక్కడ పోతుంది: మూడు ఆలస్యాలు

కాన్పు సమయంలో మరణాలు ఎందుకు జరుగుతాయో వివరించడానికి ప్రపంచమంతా వాడే ఒక లెక్క ఉంది. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో దీన్ని "మూడు ఆలస్యాలు"గా చెప్పారు.

మొదటిది ఇంట్లో జరిగే ఆలస్యం. కాళ్ళ వాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం లాంటివి కనిపించినా "కడుపుతో ఉన్నప్పుడు మామూలే" అనుకోవడం. ఇవి బీపీ పెరిగిన గుర్తులు కావచ్చు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దీన్నే.

రెండోది దారిలో జరిగే ఆలస్యం. బండి దొరక్కపోవడం, రోడ్డు తెగిపోవడం. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబర్ వరదల్లోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ హైవే మీదికే నీళ్ళు వచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. అటువంటి రాత్రి జగ్గయ్యపేట వైపు ఉన్న గర్భిణికి విజయవాడ ఆసుపత్రి ఉన్నా లేనట్టే. వరద కాలంలో నెలలు నిండినవారిని ముందే సురక్షితమైన చోటికి తరలించే ఏర్పాటు కావాలని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మూడోది ఆసుపత్రిలో జరిగే ఆలస్యం. వెళ్ళాక డాక్టర్ లేరు, రక్తం లేదు, ఇంకో చోటికి పొమ్మన్నారు. మొదటి ఆలస్యాన్ని కుటుంబం సరిచేసుకోవాలి. రెండోది, మూడోది ప్రభుత్వం సరిచేయాలి. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళే పని ఎక్కువగా ఈ రెండింటి గురించే.

అంకెలు ఏం చెబుతున్నాయి

కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం 2014-16లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష కాన్పులకు 74 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 45కి తగ్గింది. అదే కాలంలో దేశ సగటు 97. శిశు మరణాలు 2020లో రాష్ట్రంలో వెయ్యికి 24, దేశంలో 28. ఇది మంచి మార్పే, ఒప్పుకోవాలి.

కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో వైపు కూడా చూపిస్తుంది. రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి, గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్లే. రాష్ట్రం లేదా దేశం మొత్తం మీద ఆపరేషన్లు 10 శాతం దాటాక వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్కో తల్లికి ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టర్ తేల్చాలి. కానీ పది మందిలో నలుగురికి పైగా అవసరమవుతోందంటే, ఎందుకని అడగడం ప్రజాప్రతినిధుల బాధ్యత.

ఇంకో అంకె మన ఇళ్ళకు సంబంధించినది. 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళి అయిపోయింది. 15-19 ఏళ్ళ వయసులో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. చిన్న వయసు కాన్పులో తల్లికీ బిడ్డకీ ప్రమాదం ఎక్కువ. ప్రభుత్వాన్ని అడిగే ముందు నిఖా తేదీ పెట్టే పెద్దలు తమను తాము అడుక్కోవాల్సిన ప్రశ్న ఇది.

దయ కాదు, హక్కు: ఇప్పటికే ఉన్నవి

కొత్తది అడిగే ముందు ఇప్పటికే రాసి ఉన్నవి అందుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఉచిత కాన్పు: 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మామూలు కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, తిరిగి ఇంటికి బండి ఇవ్వాలి. 2014 నుంచి జబ్బుపడిన పసిబిడ్డకు ఏడాది వయసు వరకు ఈ సౌకర్యం ఉంది.

నగదు: ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఒకేసారి. నిజానికి 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు అని రాసింది. చట్టంలో ఉన్న మొత్తానికీ మొదటి కాన్పుకు ఈ పథకం ఇచ్చే మొత్తానికీ ఉన్న తేడా గురించి ప్రజాసంఘాలు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాయి.

నెలనెలా పరీక్ష: 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకు డాక్టర్ పరీక్ష చేయాలి. ఆ రోజు డాక్టర్ రాకపోతే తేదీ రాసిపెట్టుకోవాలి, అర్జీలో అది పనికొస్తుంది.

ఇంటికి వచ్చే ఆశా: ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం, ఊపిరి వేగంగా తీయడం, జ్వరం, ఫిట్స్ ప్రమాద గుర్తులు. ఇవి కనిపిస్తే ఆశా వచ్చేవరకు ఆగకుండా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఫోన్ నంబర్లు: అంబులెన్స్‌కు 108, కాన్పు తర్వాత ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌కు 102, ఆరోగ్య సలహాకు 104, ప్రభుత్వానికి ఫిర్యాదు చేయడానికి 1100.

జగ్గయ్యపేట సరిహద్దు పట్టణం. కోదాడ, ఖమ్మం వైపు ఇచ్చిన ఆడపిల్లలు మొదటి కాన్పుకు పుట్టింటికి ఇక్కడికి వస్తారు, ఇక్కడి పిల్లలు అటు వెళ్తారు. ఉచిత కాన్పు సౌకర్యం కేంద్ర పథకం కాబట్టి రాష్ట్రం మారినా వర్తిస్తుంది. కానీ తల్లీబిడ్డల కార్డు వెంట లేకపోతే మొదటి నుంచి అన్నీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ కార్డును ఆధార్‌తో పాటు సంచిలో ముందే పెట్టుకోవాలి.

ఎవరి చేతిలో ఏముంది

తప్పు తలుపు తడితే నెలలు వృథా అవుతాయి. అందుకే ఏది ఎవరి పనో తెలుసుకోవాలి.

గ్రామంలో, వార్డులో ఏఎన్ఎం రాకపోతే సచివాలయం, ఆపైన పీహెచ్‌సీ వైద్యాధికారి. అంగన్‌వాడీ సరుకులు అందకపోతే ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి, అంటే సీడీపీవో. నందిగామ, జగ్గయ్యపేట పట్టణ ఆసుపత్రుల్లో సమస్య అయితే ముందు సూపరింటెండెంట్, తర్వాత జిల్లా స్థాయి అధికారులు. డాక్టర్ పోస్టు మంజూరు, భర్తీ, కొత్త భవనం, రక్త నిల్వ కేంద్రం లాంటివి రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ స్థాయిలో తేలేవి. ఎమ్మెల్యే బలం పనికొచ్చేది ఇక్కడే.

అడగాల్సిన మాట కూడా తెలిసి ఉండాలి. "మంచి ఆసుపత్రి కావాలి" అంటే ఎవరైనా "చూద్దాం" అంటారు. కేంద్ర మార్గదర్శకాల్లో మొదటి రిఫరల్ ఆసుపత్రి అనే హోదా ఉంది. అలా పిలవాలంటే మూడు తప్పనిసరి: 24 గంటలూ ఆపరేషన్‌తో సహా అత్యవసర కాన్పు సేవ, పుట్టిన బిడ్డకు చికిత్స, రక్తం నిల్వ. గైనిక్ డాక్టర్ ఉండి మత్తు డాక్టర్ లేకపోతే రాత్రిపూట ఆపరేషన్ జరగదు. ఇద్దరూ ఉండి రక్తం లేకపోతే కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లిని కాపాడటం కష్టం. "మన ఆసుపత్రిలో ఈ మూడూ రాత్రి 2 గంటలకు ఉంటాయా?" అని అడిగితే అవును, కాదు అని జవాబు చెప్పక తప్పదు.

ఎమ్మెల్యే ఏం చేయగలరు

ఎమ్మెల్యే స్వయంగా డాక్టర్‌ను నియమించలేరు. కానీ ఆయన లేదా ఆమె చేతిలో ఉన్నవి తక్కువేమీ కాదు.

ఒకటి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ. పట్టణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సమావేశాలకు చాలా చోట్ల స్థానిక శాసనసభ్యులే అధ్యక్షత వహిస్తారు. కాన్పు గదికి కర్టెన్లు, బాత్‌రూమ్‌లు, తాగునీరు, జనరేటర్ లాంటి చిన్న పనులు అక్కడే తేలిపోతాయి. సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగిందో అడగడమే మంచి మొదటి అడుగు.

రెండు, శాసనసభలో ప్రశ్న. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. ఏదైనా సభ రికార్డులో ఉండిపోతుంది. రేపు "మాకు తెలియదు" అనడానికి వీలుండదు. జీరో అవర్‌లో కూడా స్థానిక సమస్య లేవనెత్తవచ్చు.

మూడు, మంత్రికి, కమిషనర్‌కు లేఖ. లేఖ కాపీ అడిగి తీసుకోవాలి. కాపీ లేని లేఖ రాసినట్టే కాదు.

నాలుగు, ఎంపీ దారి. కేంద్ర పథకాల అమలును సమీక్షించే "దిశ" కమిటీకి పార్లమెంటు సభ్యులు అధ్యక్షత వహిస్తారు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, వాటితో ఆసుపత్రి పరికరాలు, అంబులెన్సులు ఇవ్వొచ్చు.

సమయం కూడా ముఖ్యమే. బడ్జెట్ సమావేశాలు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతాయి. డబ్బుతో ముడిపడిన కోరిక అయితే అంతకు రెండు మూడు నెలల ముందే చేరాలి. బడ్జెట్ అయిపోయాక వెళ్తే "వచ్చే ఏడాది" అన్న మాటే మిగులుతుంది.

అర్జీ ఎలా ఉండాలి

ఒక పేజీ, ఒకే కోరిక. పది కోరికలు రాస్తే అందులో సులువైనది ఒకటి చేసి ఫోటో దిగుతారు.

ముందు లెక్క సంపాదించాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆసుపత్రి సమాచార అధికారికి దరఖాస్తు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవారికి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి నాలుగే: గత ఏడాది ఎన్ని కాన్పులు జరిగాయి, ఎన్ని ఆపరేషన్లు, ఎంతమందిని వేరే ఆసుపత్రికి పంపారు, మంజూరైన డాక్టర్ పోస్టుల్లో ఎన్ని ఖాళీ. రోగుల పేర్లు అడగకూడదు, ఇవ్వరు కూడా.

ఆ లెక్కతో అర్జీ ఇలా ఉండొచ్చు: "మా పట్టణ ప్రభుత్వ ఆసుపత్రి నుంచి గత ఏడాది ఇంతమంది గర్భిణులను విజయవాడ పంపారు. మత్తు డాక్టర్ పోస్టు ఇన్ని నెలలుగా ఖాళీగా ఉంది. ఈ పోస్టు భర్తీ అయ్యేవరకు వారానికి కనీసం ఇన్ని రోజులు డిప్యుటేషన్ మీద డాక్టర్‌ను పంపించాలని, ఈ విషయం శాసనసభలో ప్రశ్నగా వేయాలని కోరుతున్నాం." కింద సంతకాలు, ఫోన్ నంబరు, తేదీ. ఎవరి ఇంట్లోనైనా మరణం జరిగి ఉంటే ఆ కుటుంబం ఒప్పుకోకుండా పేరు రాయకూడదు.

వెళ్ళేవారిలో ఆడవాళ్ళు ఉండాలి, ముందు మాట్లాడేదీ వాళ్ళే అయితే మంచిది. కాన్పు గదిలో ఏం జరిగిందో మస్జిద్ కమిటీ సదర్ సాబ్ కంటే అక్కడ పడుకున్న తల్లికే బాగా తెలుసు. కమిటీలు చేయగల సాయం వేరే ఉంది: జుమా రోజున తేదీ ప్రకటించడం, సంతకాలకు చోటు ఇవ్వడం, ఆటో ఖర్చు చూడటం. ఒక్క మొహల్లా వాళ్ళే వెళ్ళేకంటే పక్క వీధి దళిత, బీసీ కుటుంబాలు కలిసి వస్తే అర్జీకి బరువు పెరుగుతుంది. కాన్పు గది అందరిదీ.

అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోవాలి. అదే కాగితాన్ని సోమవారం జరిగే ప్రజాసమస్యల పరిష్కార వేదికలో కూడా నమోదు చేస్తే నంబరు వస్తుంది, ఆ నంబరుతో ఎక్కడ ఆగిందో తెలుసుకోవచ్చు. 2022లో ఉర్దూను రాష్ట్రంలో రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. తెలుగు రాయడం రాని పెద్దవాళ్ళు తమ మాటను ఉర్దూలో రాసి జతచేయవచ్చు.

ఇది కొత్త దారి కాదు

అడిగితే ఏమవుతుంది అనేవాళ్ళకు చరిత్రలో జవాబు ఉంది. 1917 డిసెంబర్‌లో బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు హైదరాబాద్ ఆడబిడ్డ సరోజినీ నాయుడు నాయకత్వంలో ఒక మహిళా బృందం ఆయన్ను కలిసింది. ఓటు హక్కుతో పాటు చదువు, ఆరోగ్యం, ప్రసూతి సేవలు కావాలని అడిగింది. ఆ బృందంలో బేగం హస్రత్ మోహానీ కూడా ఉన్నారు. అంటే నూరేళ్ళ కిందటే ఒక ముస్లిం మహిళ ఈ కోరికతో ప్రభుత్వం ముందు నిలబడింది.

అప్పట్లో నందిగామ తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసన మండలిలో తొలి మహిళా సభ్యురాలయ్యారు. ఆడవాళ్ళు, పిల్లల వైద్యం గురించి, పెళ్ళి వయసు పెంచడం గురించి ఆ సభలో మాట్లాడారు. 1928లో బొంబాయి మండలిలో డాక్టర్ అంబేద్కర్ కార్మిక మహిళల ప్రసూతి బిల్లును సమర్థించారు, మరుసటి ఏడాది అది చట్టమైంది. 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగింది.

ఈ మధ్య కాలంలోనూ ఉదాహరణలు ఉన్నాయి. ప్రజాసంఘాల కూటమి వైట్ రిబ్బన్ అలయన్స్ ఇండియా అడిగినందుకే 2003లో కేంద్రం ఏప్రిల్ 11ను, అంటే కస్తూర్బా గాంధీ జయంతిని, జాతీయ సురక్షిత మాతృత్వ దినంగా ప్రకటించింది. ఆ కూటమి తర్వాత లక్షలాది మంది ఆడవాళ్ళను "మీకేం కావాలి" అని అడిగితే చాలామంది చెప్పింది మర్యాదగా చూడమని. కాన్పు గదిలో తల్లి పక్కన ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. పర్దా పాటించే కుటుంబాలకు ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, అడిగేవారు కావాలి.

మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ఏళ్ళ తరబడి అడిగిన ఆశా కార్యకర్తలకు 2025 మార్చిలో మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊరందరి కాన్పులకూ పరిగెత్తే ఆశాకు తన కాన్పుకు సెలవు రావడానికి ఇంత కాలం పట్టింది. అడగకపోతే అదీ వచ్చేది కాదు.

మరణం జరిగితే

ఎవరూ కోరుకోని విషయమైనా తెలిసి ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు గానీ, కాన్పు తర్వాత 42 రోజుల్లోపు గానీ గర్భం, కాన్పు కారణంగా తల్లి చనిపోతే దాన్ని మాతృ మరణంగా లెక్కిస్తారు. అలాంటి ప్రతి మరణంపై విచారణ జరగాలి, జిల్లా కలెక్టర్ స్థాయిలో సమీక్ష జరగాలి. ఇది ఎవరినో శిక్షించడానికి కాదు, మళ్ళీ జరగకుండా చూడటానికి. కుటుంబం చెప్పే మాట అందులో నమోదవ్వాలి: నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రిలో ఎంతసేపు ఆపారు. దుఃఖంలో ఇవన్నీ గుర్తుండవు. ఇంట్లో ఎవరో ఒకరు సమయాలు కాగితం మీద రాసిపెట్టాలి.

ఆ కాగితం పోయిన తల్లిని తిరిగి తీసుకురాదు. కానీ అది సమీక్షకు, అక్కడి నుంచి ఎమ్మెల్యే చేతికి, సభలో ఒక ప్రశ్న దాకా వెళ్తే, వచ్చే రాత్రి అదే హైవే మీద పరిగెత్తాల్సిన ఇంకో ఇంటి కూతురు తన ఊరి ఆసుపత్రిలోనే క్షేమంగా కాన్పు అవ్వొచ్చు.